ఏసోబన్న కోసిన నవల

నా నవల శనక్కాయల పొట్లాలకు పోతోందని మా తమ్ముడు తేల్చేశాడు.

విజయవాడలో మాది చిన్న ప్రచురణ సంస్థ. నాన్న పెట్టాడు, ఆయన తర్వాత నేనూ తమ్ముడూ నడుపుతున్నాం. నేను రాస్తాను, ఇతరులు రాసింది దిద్దుతాను. వాడు అచ్చు వేయిస్తాడు, దుకాణాలకు పంపుతాడు, అమ్ముడుపోని వాటి గురించి సరిగ్గా భోజనాల దగ్గర గుర్తు చేస్తాడు. రత్నం అనే బస్సు కండక్టరు మీద నేను రాసిన లావుపాటి నవల ఊరూరి దుకాణాల నుంచి కట్టలు విప్పకుండానే తిరిగొచ్చి మా గోదాంలో గోడకు ఆనుకుని కూర్చుంది. మార్కాపురంలో ఏసోబు అనే పాత దుకాణదారు మాత్రం ఒక్క కాపీ వెనక్కి పంపలేదు. పైగా అయిపోయాయి, ఇంకా పంపండి అని అడుగుతూనే ఉన్నాడు. అలాగని ఆ వైపు నుంచి ఫోను చేసి నవల బాగుందన్న మనిషి ఒక్కరూ లేరు.

"కాగితం మందంగా ఉందక్కా. పొట్లాలకు బాగా ఆగుతుంది" అన్నాడు తమ్ముడు.

వాడి ఆలోచన వేరే ఉంది. ఇక దుకాణాలకు పంపడం మానేద్దాం, కావలసినవాళ్ళు ఫోనులో ఆర్డరు పెడతారు, ఆర్డరు వచ్చాకే అచ్చు వేద్దాం అంటాడు. మా వృత్తిలో చాలామంది అటే పోతున్నారు. నేనూ సరేనన్నాను. ఏసోబు నాన్న కాలం నుంచి పుస్తకాలు తీసుకుంటున్న మనిషి కాబట్టి, ఆ సంగతి ఎదురుగా కూర్చుని చెప్పి, ఇంకా ఏమైనా కాపీలు మిగిలి ఉంటే తెచ్చేస్తానని డిసెంబరులో నేనే బయల్దేరాను. ప్రకాశం జిల్లా పడమటి వైపు అంతకుముందు ఎప్పుడూ పోలేదు.

మార్కాపురం

స్టేషను ఊళ్ళోనే ఉంటుందనుకుని దిగాను. ఊరు ఇంకా దూరంలో ఉంది. షేరాటోలో పక్కావిడ తను కొన్న క్రిస్మస్ నక్షత్రాన్ని నా ఒళ్ళో పెట్టి, "నలగనీయొద్దు అక్కా" అని తన సంచులు సర్దుకుంది. ఊరు చేరేదాకా నేను కదల్లేదు. చిన్నప్పుడు మేము అక్షరాలు దిద్దిన రాతి పలకలు ఈ ఊరివే. రోడ్డు పక్కన ఇంకా పలకల చెక్కులు కుప్పలుగా కనిపిస్తే, పరిచయస్తుల ఇంటి ముందు నుంచి పోతున్నట్లు అనిపించింది.

ఏసోబు దుకాణంలో ముందుభాగమంతా నోటుపుస్తకాలు, జిరాక్సు మిషను, చర్చి పాటల పుస్తకాలు, వాటికి జిప్పు ఉన్న కవర్లు. వెనక గోడకు కథల పుస్తకాల బీరువా. ఏసోబుకు అరవై దాటాయి. చొక్కా జేబులో కత్తెర, చెవి మీద పెన్సిలు. నేనెవరో చెప్పగానే "మీ నాయన పోలికే చెల్లెమ్మా" అని స్టూలు తుడిచి వేశాడు. ఆ పిలుపుతో ఆయన నాకు ఏసోబన్న అయిపోయాడు.

బీరువా పక్కన నా నవల కనిపించింది. అంటే, నవల ముక్కలు. ఒక కుప్పలో మొదటి పావు, ఇంకో కుప్పలో రెండో పావు, మరో కుప్పలో మూడోది. ప్రతి ముక్కా దారంతో కుట్టి ఉంది. మొదటిదానికి మా అట్టే, మిగతావాటికి సిమెంటు సంచి కాగితం అట్ట. పొట్లాలయినా ఇంతకంటే నయమనిపించింది.

"ఏంటన్నా ఇది, కోసేశారా?"

"నీ పుస్తకం ఇటుకంత ఉంది చెల్లెమ్మా. పత్తి చేనికి పోయే ఆడోళ్ళు సద్ది క్యారేజీ మోయాల్నా, నీ రత్నాన్ని మోయాల్నా? అందుకే ఏ లావు పుస్తకం వచ్చినా నాలుగు ముక్కలు కోసి కుడతా. ఒకటి చదివి తెచ్చిస్తే ఇంకోటి ఇస్తా."

"ఎక్కడ కొయ్యాలో ఎలా చూస్తారు?"

"కొలబద్ద పెట్టి సమానంగా కోస్తా."

"వాక్యం మధ్యలో పడితే?"

"పడితే ఏమి? మిగతా సగం తర్వాతి ముక్కలో ఉంటాది గదా."

ఆ నవలలో ప్రకరణాలు ఎక్కడ ఆపాలో అని నేను నెలల తరబడి జుట్టు పీక్కున్నాను. ఆ మాట ఆయనకు చెప్పి లాభం లేదని ఊరుకున్నాను.

ఆయన భార్య రాహేలమ్మ జొన్నరొట్టె, పచ్చిమిరపకాయల తొక్కు, మజ్జిగ తెచ్చింది. రొట్టె తుంచడం చేతకాక నేను తంటాలు పడుతుంటే పక్కన కూర్చుని తనే తుంచిపెట్టింది. "ఈ పండగ పోయినాంక ఆ బీరువా తీసేసి ఫోను కవర్లు పెట్టుకుందామంటున్నా వదినా. ఈయన వినడు. కొత్త కథలు వస్తా ఉన్నంత కాలం బీరువా కదలదంటాడు. నువ్వే చెప్పు, వస్తాయా కొత్తవి?"

నేను మజ్జిగ గ్లాసు ఎత్తి, ఖాళీ అయ్యేదాకా దించలేదు.

ఏసోబన్న మాత్రం నేను కొత్త పుస్తకాల సంగతి మాట్లాడడానికే వచ్చానని నమ్మేశాడు. "నీ రత్నానివి ఇంకో కట్ట పంపు చెల్లెమ్మా. నాలుగో ముక్కలు అయిపోయినాయి. ఒక్కటే మిగిలింది" అన్నాడు. మూడు ముక్కలు ఇన్ని కుప్పలు పడి ఉంటే నాలుగోది ఎక్కడికి పోయిందని అడిగాను. "అది తిరిగి రాదు. రేపు నాతో రా, చూపిస్తా" అన్నాడు. చెప్పాల్సిన మాట దారిలో చెబుదాంలే అనుకున్నాను. నిజానికి రాహేలమ్మ ఎదురుగా చెప్పే ధైర్యం రాలేదు.

పుల్లలచెరువు

ఏసోబన్నకు వెనక సామాను వేసుకునే ఆటో ఉంది. దాంట్లో ఒక రేకు పెట్టె, పెట్టెలో ముక్కలు. ఆయన పక్కన ఇరుక్కుని కూర్చున్నాను. నేనే రాశానని ఎవరికీ చెప్పొద్దని, పుస్తకాలు పంపే విజయవాడ మనిషినని మాత్రమే చెప్పమని ముందే మాట తీసుకున్నాను. ఉన్నదున్నట్లు వినాలని నా ఆశ. పొగిడితే చాటుగా ఆనందించొచ్చని కూడా.

పుల్లలచెరువు అవతల ఒక పత్తి చేను దగ్గర ఆటో ఆపాడు. పదిమంది ఆడవాళ్ళు వంగి పత్తి తీస్తున్నారు. వాళ్ళ వెంటే సాళ్ళ మధ్య నడుస్తూ ఒకామె గట్టిగా చదువుతోంది. ఆమె చేతిలో ఉన్నది నా మూడో ముక్క. నేను రాసిన మాటలు ఎండలో, చేలో, అంత పెద్ద గొంతుతో వినడం నాకు అదే మొదలు. 

చదువుతున్నామె పేరు మార్తమ్మ. ఇక్కడ పత్తికి కిలోల లెక్కన కూలి. చదివేటప్పుడు ఆమె తీయలేదు కాబట్టి, సాలు చివరికి వచ్చినప్పుడల్లా ఒక్కొక్కరు తమ సంచిలోంచి గుప్పెడు పత్తి తీసి ఆమె సంచిలో వేస్తున్నారు. ఎవరూ ఎవరికీ గుర్తు చేయలేదు. మా వైపు వాటాల దగ్గర ఎన్ని మాటలవుతాయో తెలిసినదాన్ని కాబట్టి నోరు తెరుచుకుని చూశాను.

సద్ది తినేటప్పుడు చుట్టూ చేరారు. కథ ఎలా ఉందని, ఏమీ ఎరగనట్లు అడిగాను.

"రెండో ముక్క ఆఖర్న 'రత్నం తలుపు తీసి' అని ఆపేసినారక్కా. వారం దినాలు మాకు అదే ఆలోచన. తలుపవతల మొగుడున్నాడని కొందరు, పోలీసులని కొందరు పందేలు కట్టినారు. రాసినామె గట్టిది" అంది మార్తమ్మ.

నా నవలలో ఆ వాక్యం, రత్నం తలుపు తీసి పాలపాకెట్టు లోపలికి తెచ్చుకుంది. ఏసోబన్న వైపు చూశాను. ఆయన ఆకాశం వైపు చూస్తున్నాడు.

మూడో ముక్కలో కొన్ని కాగితాలు లేవు. మార్తమ్మ వాళ్ళ మేక తినేసింది. అవి రత్నాన్ని సస్పెండ్ చేసే ముందు జరిగే విచారణ కాగితాలు. మరి ఆ చోట ఏం చదివారని అడిగితే మార్తమ్మ కాస్త సిగ్గుపడింది. "నేనే చెప్పినా. ఆ ఆఫీసరు ముందర రత్నం టికెట్ల మిషను బల్ల మీద పెట్టి, ఒక్క దినం నువ్వు ఈ బస్సులో నిలబడి చూడు సారూ అనింది, అని చెప్పినా." నేను రాసిన విచారణలో రత్నం మౌనంగా కన్నీళ్ళు పెట్టుకుంటుంది. మార్తమ్మదే బాగుంది. నాకు అసూయ కలిగింది, దాచను.

సాయంత్రం వాళ్ళింటికి పోయాం. నీళ్ళకు కటకటగా ఉండే ఊరు. ఇంటి ముందు డ్రమ్ములకు మూతలు వేసి, మూతల మీద రాళ్ళు పెట్టారు. నాకు చెంబుతో నీళ్ళిస్తే, ఇంట్లో కుళాయి వదిలేసి కూరలు కడిగే నేను ఆఖరి చుక్కదాకా తాగాను. గోడగూట్లో చిన్న చిన్న పుస్తకాలు వరసగా ఉన్నాయి. తీసి చూస్తే అన్నీ నాలుగో ముక్కలే, రకరకాల నవలలవి.

"చదివినామెకు ఆఖరి ముక్క ఇచ్చేస్తాం. అది ఆమెదే" అంది మార్తమ్మతో పనికి పోయే ఒక పెద్దామె. "గొంతు పోయేట్లు చదువుతాది గదా. మేము ఇంకేమియ్యగలం?"

నాలుగో ముక్కలు ఎందుకు తిరిగి రావో, ఏసోబన్న మళ్ళీ మళ్ళీ పుస్తకాలు ఎందుకు అడుగుతాడో అప్పుడు తెలిసింది. ఒక్కో ఆఖరి ముక్క కోసం ఆయన ఒక్కో నవల మొత్తం తెప్పించుకుంటున్నాడు.

ఫోనులో తెప్పించుకోవచ్చు కదా అని ఒక రాయి వేసి చూశాను. మార్తమ్మ నవ్వింది. "మా తమ్ముడు పాటల పుస్తకానికి ఆర్డరు పెట్టినాడక్కా. అడ్రస్ దొరకలేదు, మార్కాపురం వచ్చి తీసుకపో అని ఫోను చేసినారు. దాని కోసం ఒక దినం కూలి పోయింది." తర్వాత నా వైపు తిరిగి, "రత్నం నాలుగో ముక్క పండగ లోపల వస్తాదా?" అంది. పెట్టెలో ఉన్న ఆ ఒక్కటీ చంద్రశేఖరపురం వాళ్ళకని ఏసోబన్న ముందే మాటిచ్చాడు.

"వస్తుంది" అన్నాను. ఏ నోటితో అన్నానో నాకే తెలియదు.

గిద్దలూరు

మర్నాడు కంభం దాటేటప్పుడు చెరువు చూపించడానికి ఏసోబన్న ఆటో ఆపాడు. ఇదివరకు ఈ తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. గిద్దలూరులో ఆ సంగతి చెప్పేది పొద్దున్నే దొరికే ఉగ్గాని. నానబెట్టిన మరమరాలతో చేసిన ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జీ. బెజవాడ ఎండలు తిన్న దాన్ని, ఈ బజ్జీ నన్నేం చేస్తుందని ఒకేసారి సగం కొరికాను. ఆ తర్వాత కాసేపు ఏసోబన్న చెప్పిందేదీ నాకు వినపడలేదు. హోటలామె చక్కెర తెచ్చి అరచేతిలో పోసి, "నాలిక మీద పెట్టుకో పాపా" అంది. ఏభై దాటాక నన్ను పాపా అన్నది ఆమె ఒక్కతే.

గిద్దలూరులో రఫీ అనే కుర్రవాడి పుస్తకాల దుకాణం ఉంది. ఏసోబన్నకు స్నేహితుడు. ఉద్యోగ పరీక్షల గైడ్లు నేల నుంచి కప్పుదాకా పేర్చాడు. మేము కూర్చున్నంతసేపూ పిల్లలు వచ్చి గైడ్లు తిరగేయడం, అట్టను ఫోటో తీసుకోవడం, వెళ్ళిపోవడం. వాళ్ళంతా తర్వాత ఫోనులో ఆర్డరు పెట్టుకుంటారట.

"నీకు కోపం రాదా?" అన్నాను.

"మొదట్లో వచ్చిందక్కా. ఫోటో తీయొద్దని బోర్డు కూడా పెట్టినా. కానీ ఊర్లల్లో అడ్రస్ దొరకదని ఆ పార్సిళ్ళు మళ్ళా నా దుకాణానికే ఇచ్చి పోతారు. తీసుకోను వచ్చినోళ్ళు ఊరికే పోతారా? ఇంకో పుస్తకం చూస్తారు. చూసినాంక చెయ్యి ఊరుకోదు." బల్ల కింద పార్సిళ్ళ గుట్ట చూపించి, "ఇవన్నీ నా దగ్గర కొననివి. అయినా నా దగ్గరే ఉన్నాయి" అని నవ్వాడు. బయటికి వచ్చేటప్పుడు నా చేతిలో ఒక వంటల పుస్తకం ఉంది. నాకు వంట మీద ఆసక్తి లేదు.

చక్రం విప్పిన చోట

చంద్రశేఖరపురం దారిలో గొర్రెల మంద అడ్డం వచ్చింది. అది దాటేదాకా ఆగి, కదలగానే టైరు పంక్చరయింది. ఏసోబన్న చక్రం విప్పుతుంటే నేను బోల్టులు కొంగులో పట్టుకుని నిలబడ్డాను. దారి పొడుగునా ఆయన, నేను పంపబోయే కొత్త నవలలు ఏయే ఊళ్ళో ఎవరికి నచ్చుతాయో చెబుతూ వచ్చాడు. ఇంక వినలేకపోయాను.

"అన్నా, నేను కొత్త పుస్తకాల సంగతి మాట్లాడడానికి రాలేదు. దుకాణాలకు పంపడం మానేస్తున్నామని చెప్పడానికి వచ్చాను. ఇక ఆర్డరు పెట్టినవాళ్ళకే అచ్చు వేస్తాం."

ఆయన చేయి ఆగింది. బోల్టు కోసం చేయి చాపాడు, ఇచ్చాను. బిగించాడు.

"మంచిదే. పుస్తకం ఒకటుందని తెలిసినోళ్ళు ఆర్డరు పెడతారు" అన్నాడు. "తెలియనోళ్ళకు చెప్పేదానికే నేను తిరిగేది. సరేలే. ఈ ఒక్క ముక్క వాళ్ళకిచ్చేసి ఇంటికి పోదాం. బీరువా సంగతి రాహేలుతో నేనే చెప్తా."

 మూడు రోజులుగా మాట ఆపని మనిషి ఇప్పుడు నోరు మూసుకుంటే ఆటో చప్పుడు భరించలేనంతగా వినపడింది. కోప్పడి ఉంటే బాగుండేది. నాకు ఏడుపొచ్చింది, దుమ్ము పడిందని కళ్ళు తుడుచుకున్నాను.

చంద్రశేఖరపురం

రోడ్డు పక్క ఒక రేకుల షెడ్డులో ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుని విత్తనానికి వేరుశనగ కాయలు ఒలుస్తున్నారు. కథ వినడానికి ఇంతకంటే మంచి పని లేదు. చేతులు వాటి పని అవి చేస్తాయి, చెవులు ఖాళీ. కానీ వాళ్ళకు చదివే అమ్మాయి నర్సు ఉద్యోగం వచ్చి నెల్లూరు పోయింది. మూడో ముక్క దగ్గరే రత్నం సస్పెండై ఉండిపోయింది.

ఏసోబన్న పెట్టెలోంచి ఆ ఒక్క ముక్కా తీశాడు. వాళ్ళలో పెద్దామె వెంకటమ్మ, "తెచ్చినావు సరే, చదివేదెవరు?" అంది.

"ఈమె చదువుతాది" అని ఆయన నా వైపు చూపించాడు. నేను చెప్పిన మాట తర్వాత ఆయన నాకు ఆ పని అప్పజెబుతాడనుకోలేదు.

మొదటి పేజీకే "గట్టిగా" అన్నారు. రెండో పేజీకి "పరిగెత్తబాకు, మేము వెంట రావాల" అన్నారు. నేను రాసిన వాక్యాలు చదవడానికి ఎంత పొడుగో అప్పుడు తెలిసింది. ఒక్కోదానికి మధ్యలో ఊపిరి చాలక ఆగితే, అది ఉత్కంఠ కోసం ఆపానని వాళ్ళు ముందుకు వంగారు. కాయలు చిట్లే చప్పుడు వినపడుతూనే ఉంది. రత్నానికి ఉద్యోగం తిరిగొచ్చి, తెల్లవారి మొదటి బస్సు ఎక్కే చోట ఆ చప్పుడు ఆగింది. తలెత్తితే ఎవరి చేతులూ ఆడటం లేదు.  ఆఖరి పేజీ ఎలా చదివానో గుర్తు లేదు.

 వెంకటమ్మ ముందుగా ఒక కాయ చిదిమింది.

"బాగుంది గానీ, రాసినామె ఆఖర్న తొందరపడింది. అన్ని కష్టాలు పెట్టింది గదా, రత్నం బస్సెక్కినాంక ఒక్క ట్రిప్పన్నా తిప్పి ఆపాల్సింది. ఆ పాత పాసింజర్లు ఆమెను చూసి ఏమన్నారో మనకు తెలియాల్నా, వద్దా?"

మిగతావాళ్ళు తెలియాలన్నారు. నేనూ తెలియాలన్నాను. ఆ ట్రిప్పు రాసి, పేజీలు ఎక్కువయ్యాయని నేనే కొట్టేశాను.

తర్వాత ఒక్కొక్కరు ఒలిచిన గింజలు గుప్పెడు చొప్పున నా కొంగులో పోశారు. వెంకటమ్మ ఆ నాలుగో ముక్క అట్ట మీది పొట్టు ఊది, నా చేతిలో పెట్టింది.

"నాకెందుకమ్మా, మీకు కావాలి కదా" అన్నాను.

"మేము ఇన్నాం గదా. చదివినోళ్ళది అది" అంది.

ఏసోబన్న పెట్టె వైపు చూశాను. మూత తెరిచే ఉంది, లోపల ఇంకో నాలుగో ముక్క లేదు. ఇది నేను తీసుకుంటే పుల్లలచెరువు వాళ్ళకు పండగ లోపల ఇవ్వడానికి ఈ వైపు ఎక్కడా ఉండదు. తీసుకోకపోతే వాళ్ళ పద్ధతిని కాదన్నట్లు. ఆయన నా చేతుల వైపు చూస్తున్నాడు. ఇన్నేళ్ళుగా రాస్తున్నాను, సన్మానాల్లో శాలువాలు కప్పారు. ఏ ఒక్కటీ ఇలా తీసుకోవాలనిపించలేదు. రెండు చేతులా తీసుకున్నాను.

"అన్నా, బీరువా కదిలించొద్దని వదినకు చెప్పండి" అన్నాను.

ఆయన వెంటనే ఫోను తీసి, "రాహేలూ, బీరువా ఉండనీ" అని, అటు నుంచి ఏం అడిగిందో ఏమో, "ఈడ చెప్పేది కాదులే, ఇంటికొచ్చి చెప్తా" అని పెట్టేశాడు. తర్వాత కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో చాలాసేపు తుడిచాడు.

పామూరు బస్టాండులో విజయవాడ బస్సు కోసం కూర్చుని, ఒళ్ళో వేరుశనగ గింజలు నములుతూ తమ్ముడికి ఫోను చేశాను. ఎన్ని కాపీలు వెనక్కి తెస్తున్నావన్నాడు. పావు కాపీ అన్నాను. ఆ పావు నాదని, వెనక్కి వచ్చినట్లు లెక్క రాయొద్దని చెప్పాను. గోదాంలోని కట్టలు కాదు, రత్నం నవల నాలుగో భాగం ఒక్కటే కొత్తగా అచ్చు వేయాలని, అందులో రత్నం ఒక ట్రిప్పు తిరిగి రావాలి కాబట్టి పేజీలు పెరుగుతాయని, పండగ లోపల మార్కాపురం చేరాలని చెప్పాను.

"మిగతా మూడు భాగాలు?"

"అవి ఇక్కడ కావలసినన్ని ఉన్నాయి."

అటు నుంచి లెక్కల పుస్తకం మూసిన చప్పుడు వినపడింది. 

"ఏ రంగు అట్ట వేయించమంటావు?" అన్నాడు.